ఇస్రో అధ్యక్షులకు బహిరంగ లేఖ: గామా విస్ఫోటం ఆరిపోకముందే కబురు అందాలి

గౌరవనీయులైన ఇస్రో అధ్యక్షులు, అంతరిక్ష శాఖ కార్యదర్శి గారికి,

ఆస్ట్రోశాట్ తర్వాత ఖగోళశాస్త్రం కోసం మనం పంపే అంతటి ఉపగ్రహం ఏదై ఉండాలన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మీ కార్యాలయమే. ఆ జవాబులో ఒక సంగతికి చోటివ్వమని అడగడానికే ఈ లేఖ. గామా కిరణ విస్ఫోటాలను పట్టుకునే ఉపగ్రహాల జంట మనకు కావాలి. ఆ రెండూ కలిసి ఆకాశం మొత్తాన్ని ఎడతెగకుండా చూడాలి. గామా కిరణాలతో సరిపెట్టుకోకుండా, తక్కువ శక్తి గల మృదువైన ఎక్స్ కిరణాలను కూడా గుర్తించాలి. చూసిన వెంటనే, నిమిషం తిరిగేలోగా, ఎక్కడ చూశాయో భూమికి చెప్పాలి. మొదటి రెండు సంగతుల మీద మన శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. మూడోదానికి తగిన బరువు ఇంకా దక్కలేదని నా నమ్మకం. అది దక్కకపోతే మొదటి రెండింటి విలువ సగానికి సగం పడిపోతుంది.

ఈ మాట ఎందుకు అంటున్నానో ఈ రంగం చరిత్రే చెబుతుంది. 1963లో అణుపరీక్షల పాక్షిక నిషేధ ఒప్పందం కుదిరాక, దాన్ని ఎవరైనా చాటుగా మీరుతున్నారేమో కనిపెట్టడానికి అమెరికా వేలా ఉపగ్రహాలను పంపింది. 1967 జూలై 2న వాటిలో నమోదైన గామా కిరణాల మెరుపు ఏ బాంబుదీ కాదు. లాస్ అలమోస్ శాస్త్రవేత్తలు క్లెబెసాడెల్, స్ట్రాంగ్, ఓల్సన్ అలాంటివి 16 పోగుచేసి 1973లో లోకానికి చెప్పారు. ఆ తర్వాత రెండు దశాబ్దాలు దాటినా అవి ఎంత దూరాన జరుగుతున్నాయో తేలలేదు. 1991లో ఎగిరిన కాంప్టన్ అబ్జర్వేటరీలోని బాట్సే పరికరం తొమ్మిదేళ్లలో 2,704 విస్ఫోటాలను లెక్కపెట్టింది. అవి అన్ని దిక్కుల నుంచీ సమానంగా వస్తున్నాయనీ తేల్చింది. అయినా 1995లో వాషింగ్టన్‌లో బోదాన్ పచిన్‌స్కీ, డొనాల్డ్ లాంబ్ ఎదురెదురుగా నిలిచి వాదించుకున్నారు. ఇవి సుదూర గెలాక్సీల్లోవని ఒకరు, మన పాలపుంత చుట్టూ ఉన్న విశాలమైన ప్రభామండలం నుంచే వస్తున్నాయని మరొకరు. వేల విస్ఫోటాలు చేతిలో ఉండి కూడా ఇంత మౌలికమైన ప్రశ్నకు జవాబు లేకపోవడానికి కారణం ఒక్కటే. గామా కిరణాలను అద్దాలతో ఒకచోటికి చేర్చడం దాదాపు అసాధ్యం. బాట్సే చూపించే దిక్కులో కొన్ని డిగ్రీల తేడా ఉండేది. పున్నమి చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. అలాంటి చంద్రబింబాలు ఎన్నో పట్టే ఆకాశపు ముక్కలో లెక్కలేనన్ని గెలాక్సీలుంటాయి. ఏది ఇల్లో చెప్పలేం.

ఆ చిక్కుముడిని విప్పింది ఎక్స్ కిరణాలు. ఇటలీ, నెదర్లాండ్స్ కలిసి 1996లో పంపిన బెప్పోశాక్స్ ఉపగ్రహంలో గామా కిరణాల కాపలాదారుతో పాటు విశాల క్షేత్రపు ఎక్స్ కిరణ కెమెరాలు రెండు ఉండేవి. వాటి ముందు చిల్లులున్న పలక ఉంటుంది. తాటాకు పందిరి చిల్లుల్లోంచి నేల మీద పడే ఎండ మచ్చల తీరును బట్టి సూర్యుడు ఏ వైపున ఉన్నాడో చెప్పగలిగినట్టే, ఆ పలక నీడను బట్టి కిరణాలు వచ్చిన దిక్కును లెక్కకడతారు. 1997 ఫిబ్రవరి 28న ఒక విస్ఫోటం జరిగినప్పుడు ఈ కెమెరా దాని చోటును డిగ్రీలో చిన్న భాగానికి కుదించింది. ఎనిమిది గంటల్లో ఉపగ్రహం తన మరింత సూటి టెలిస్కోపులను అటు తిప్పింది. అక్కడ ఆరిపోతున్న ఎక్స్ కిరణాల వెలుగు కనిపించింది. విస్ఫోటం ముగిశాక మిగిలే ఆ మలివెలుగును మనిషి చూడడం అదే మొదలు. లా పామా దీవి మీది విలియం హెర్షెల్ టెలిస్కోపు అదే చోట మామూలు కాంతిని కూడా పట్టుకుంది. మే 8న వచ్చిన మరో విస్ఫోటపు మలివెలుగును హవాయిలోని కెక్ టెలిస్కోపు విశ్లేషించి, అది వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతలిదని చూపింది. ముప్పై ఏళ్ల వివాదం కొద్ది నెలల్లో ముగిసింది. దాన్ని ముగించింది మరిన్ని విస్ఫోటాల లెక్క కాదు. సరైన చోటు, సరైన వేళకు తెలియడం.

ఈ పాఠాన్ని పూర్తిగా ఒంటపట్టించుకున్న ఉపగ్రహం 2004 నవంబరు 20న నాసా పంపిన స్విఫ్ట్. విస్ఫోటాన్ని తానే కనిపెట్టి, చోటు తానే లెక్కకట్టి, దాదాపు 90 సెకన్లలో తన ఎక్స్ కిరణ టెలిస్కోపును అటు తిప్పేలా దాన్ని మలిచారు. చోటు వివరాలు వెంటనే ప్రపంచంలోని టెలిస్కోపులకు చేరతాయి. 2009 ఏప్రిల్ 23న అది పట్టుకున్న విస్ఫోటపు కాంతి మనల్ని చేరడానికి సుమారు 1,300 కోట్ల సంవత్సరాలు పట్టింది. విశ్వం పసితనంలో పేలిపోయిన నక్షత్రం అది. కబురు ఒక రోజు ఆలస్యమైతే ఆ దూరం కొలవడం చాలా కష్టమయ్యేది, ఎందుకంటే మలివెలుగు గంట గంటకూ పలచబడిపోతుంది.

గామా కిరణాలు చాలవా, ఎక్స్ కిరణాలు ఎందుకని అడిగేవారికి ఇటీవలి సాక్ష్యం ఒకటుంది. 2024 జనవరి 9న చైనా ప్రయోగించిన ఐన్‌స్టీన్ ప్రోబ్‌లో ఐరోపా అంతరిక్ష సంస్థకూ జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థకూ భాగస్వామ్యం ఉంది. దాని విశాల క్షేత్ర టెలిస్కోపు ఎండ్రరొయ్య కన్ను పనిచేసే తీరులో కట్టింది. అతి సన్నని చదరపు గొట్టాలు వేలకు వేలు గోళాకారంలో అమర్చి ఉంటాయి. ఎక్స్ కిరణాలు వాటి గోడలను రాసుకుంటూ వెళ్లి ఒకచోట కేంద్రీకృతమవుతాయి. ఆ టెలిస్కోపు చూసేది 0.5 నుంచి 4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మృదువైన ఎక్స్ కిరణాలను. మామూలు గామా డిటెక్టర్ల చూపు అంత కిందికి దిగదు. 2024 మార్చి 15న అది ఒక మెరుపును చూసింది. తర్వాత చూస్తే అది గామా విస్ఫోటమే, కాంతి బయల్దేరి 1,250 కోట్ల ఏళ్లయింది. అసలు విశేషం మరొకటి. మృదువైన ఎక్స్ కిరణాలు గామా కిరణాల కంటే ఆరు నిమిషాలకు పైగా ముందే మొదలయ్యాయి. పదిహేడు నిమిషాలకు మించి కొనసాగాయి. గామా కిరణాలనే నమ్ముకున్న పరికరానికి ఆ కథలో నడిమి ఘట్టం మాత్రమే దొరికేది. ఆ మరుసటి నెల, ఏప్రిల్ 14న కనిపించిన మరో ఎక్స్ కిరణ మెరుపుకు గామా కిరణాల జాడే లేదు. కానీ అదే చోట తర్వాత సూపర్‌నోవా వెలిగింది. పెద్ద నక్షత్రం కూలిపోయేటప్పుడు పుట్టే జెట్ అన్నిసార్లూ బయటికి ఒకే తీరుగా దూసుకురాదని, బలహీనపడ్డవీ చిక్కుబడ్డవీ మన లెక్కల్లోకి ఇన్నాళ్లూ రాలేదని ఇలాంటి ఘటనలు సూచిస్తున్నాయి. మరోవైపు, విశ్వ వ్యాకోచం వల్ల దూరపు విస్ఫోటాల కిరణాలు సాగి శక్తి తగ్గుతుంది. అక్కడ గామాగా పుట్టిన వెలుగులో కొంత ఇక్కడికి ఎక్స్ కిరణాలుగా చేరుతుంది. తొలి నక్షత్రాల చావును చూడాలనుకునేవారికి మృదువైన ఎక్స్ కిరణాలు తప్పనిసరి.

ఐన్‌స్టీన్ ప్రోబ్ ఉండగా మనకెందుకు అన్నదే మీకు ఎక్కువగా వినిపించే అభ్యంతరం అయి ఉంటుంది. ఒక్క అంకె చూడండి. ఆ టెలిస్కోపు ఒకేసారి చూసేది దాదాపు 3,600 చదరపు డిగ్రీలు. ఆకాశం మొత్తం 41 వేల చదరపు డిగ్రీల పైచిలుకు. అంటే ఏ క్షణానైనా పదకొండింట పది వంతుల ఆకాశం దాని చూపుకు అందదు. రష్యా ఉపగ్రహం మీద జర్మనీ అమర్చిన ఈరోసిటా టెలిస్కోపు లోతైన సర్వే చేసింది, ఆరు నెలలకు ఒకసారి ఆకాశమంతా చుట్టింది. కానీ అది చూస్తున్న సన్నని చారలో, చూస్తున్న క్షణంలోనే విస్ఫోటం జరగడం అదృష్టం మీద ఆధారపడ్డ సంగతి. పైగా ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే 2022 ఫిబ్రవరి 26న దాన్ని ఆపేశారు. పరికరం బాగానే ఉంది, దేశాల మధ్య మాటలు చెడ్డాయి. స్విఫ్ట్ వయసు ఇరవై ఏళ్లు దాటింది. దాని కక్ష్య కిందికి జారుతూ రావడంతో దాన్ని పైకి నెట్టే పనిని నాసా 2025లో ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించింది. నాసా గామా ఉపగ్రహం ఫెర్మీ 2008 నాటిది. చైనా, ఫ్రాన్స్ కలిసి 2024 జూన్‌లో పంపిన స్వోమ్ కొత్తదే, మంచిదే. అయితే విస్ఫోటాల విషయంలో ఒకరి ఉపగ్రహం మరొకరి దాన్ని అనవసరం చేయదు. ఎవరి వీపు వెనక ఏ ఆకాశం ఉందో ముందుగా చెప్పలేం కాబట్టి.

ఆ వీపు వెనక ఉండేది తరచుగా మన భూమే. 650 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహానికి ఆకాశంలో దాదాపు 30 శాతాన్ని భూగోళం కప్పేస్తుంది. దీని ఖరీదు ఎంతో 2017 ఆగస్టు 17న తెలిసింది. రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పటి గురుత్వ తరంగాలను లైగో, విర్గో డిటెక్టర్లు పసిగట్టాయి. 1.7 సెకన్ల తర్వాత ఫెర్మీకి గామా మెరుపు అందింది. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో జరిగిన ఆ ఘటన, బంగారం వంటి బరువైన మూలకాలు ఎక్కడ తయారవుతాయన్న ప్రశ్నకు నేరుగా సాక్ష్యం ఇచ్చింది. ఆ క్షణాన స్విఫ్ట్‌కు భూమి అడ్డం. మన ఆస్ట్రోశాట్‌కూ అడ్డమే. మామూలు కాంతిలో ఆ చోటు కనిపెట్టడానికి చిలీలోని టెలిస్కోపుకు దాదాపు 11 గంటలు పట్టింది. ఆ 11 గంటల్లో వెలుగు ఎలా పెరిగిందో, ఏ రంగు నుంచి ఏ రంగుకు మారిందో ఎవరి దగ్గరా లేదు. అందుకే ఒకటి కాదు, భూమికి ఇటొకటి అటొకటి ఉండే రెండు ఉపగ్రహాలు కావాలంటున్నాను.

ఇందులో మనం కొత్తవాళ్లం కాదు. టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 1960ల చివర్లోనే హైదరాబాదు నుంచి బెలూన్లు ఎగరేసి ఆకాశపు ఎక్స్ కిరణాలను కొలిచారు. 1975లో ఎగిరిన ఆర్యభట్టలో ఎక్స్ కిరణ ఖగోళ పరికరం ఉంది. శ్రీహరికోట నుంచి ఏఎస్‌ఎల్‌వీ 1992లో, 1994లో మోసుకెళ్లిన స్రోస్ ఉపగ్రహాల్లో గామా విస్ఫోటాల డిటెక్టర్లే ఉన్నాయి. ఈ సంగతి తెలుగునాట ఎందరికి తెలుసో గానీ, తెలియాల్సిన సంగతి. 2015 సెప్టెంబరు 28న పీఎస్‌ఎల్‌వీ సీ30 మీద వెళ్లిన ఆస్ట్రోశాట్‌లోని కాడ్మియం జింక్ టెల్యురైడ్ పరికరం, పనిలోకి దిగిన తొలిరోజు, అక్టోబరు 6నే ఒక విస్ఫోటాన్ని పట్టుకుంది. నిజానికి ఆ పరికరాన్ని కట్టింది సూటిగా ఒకవైపు చూడడానికి. అధిక శక్తి కిరణాలు దాని గోడల్లోంచి కూడా దూరిపోతాయి గనక పక్కల నుంచి వచ్చేవీ దొరికాయి. 2023 నవంబరుకు ఆ లెక్క 600కు చేరింది. విస్ఫోట కాంతి ధ్రువణాన్ని కొలవడంలోనూ అది లోకానికి పనికొచ్చే ఫలితాలిచ్చింది. అయిదేళ్ల కోసం కట్టిన ఉపగ్రహం పదేళ్లు దాటింది. కట్టిన చేతులకు నా నమస్కారాలు.

కానీ ఇక్కడే నా ఫిర్యాదు కూడా ఉంది. ఆ 600 విస్ఫోటాల సమాచారం ఎలా వచ్చింది? ఉపగ్రహం తన డేటాను దాచుకుని, బెంగళూరు దగ్గరి బ్యాలాలు కేంద్రం మీదుగా వచ్చినప్పుడు దించుతుంది. ఆ తర్వాత నేల మీద కంప్యూటర్లు వెతుకుతాయి. ప్రపంచానికి ప్రకటన వెళ్లేసరికి గంటలు గడుస్తాయి. అప్పటికి ఆ విస్ఫోటాన్ని ఫెర్మీయో స్విఫ్టో చెప్పేసి ఉంటే మనది బలపరిచే సాక్ష్యం అవుతుంది. ఎవరూ చూడనిదైతే, ఏ టెలిస్కోపూ వెంటపడే వేళ దాటిపోయి ఉంటుంది. ఇది ఆస్ట్రోశాట్ లోపం కాదు, దాన్ని ఈ పని కోసం కట్టలేదు. రాబోయేదాన్ని మాత్రం దీనికోసమే కట్టాలి. నేల మీద మన సరంజామా సిద్ధంగా ఉంది. లద్దాఖ్‌లోని హాన్లేలో రెండు మీటర్ల హిమాలయన్ చంద్రా టెలిస్కోపూ, తానే తిరిగి చూసే గ్రోత్ ఇండియా టెలిస్కోపూ ఉన్నాయి. ఉత్తరాఖండ్ దేవస్థలిలో 3.6 మీటర్ల టెలిస్కోపు ఉంది. పుణె దగ్గర జీఎంఆర్‌టీ రేడియో యాంటెనాలున్నాయి. 2021 డిసెంబరు 11 నాటి విస్ఫోటం దాదాపు 50 సెకన్లు సాగినా, న్యూట్రాన్ తారల కలయికలో కనిపించే కిలోనోవా వెలుగు అక్కడ దొరికింది. రెండు సెకన్లు మించితే నక్షత్రం కూలిందనీ, తగ్గితే తారలు ఢీకొన్నాయనీ అనుకునే పాత విభజనను అది తారుమారు చేసింది. ఆ పరిశీలనలో దేవస్థలి టెలిస్కోపుకు భాగముంది. జపాన్, ఆస్ట్రేలియాల్లో తెల్లవారి, కెనరీ దీవుల్లో ఇంకా చీకటి పడని వేళల్లో ఆకాశాన్ని కాయగలిగేది మన రేఖాంశమే. మనకే ముందు కబురు అందితే ఆ గంటలు మనవి.

ఐఐటీ బాంబే నాయకత్వంలో పలు సంస్థలు కలిసి రూపొందించిన దక్ష ప్రతిపాదన మీకు తెలుసు. భూమికి ఎదురెదురు వైపుల తిరిగే రెండు ఉపగ్రహాలు, ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్టు నుంచి పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల పైదాకా చూసే డిటెక్టర్లు. నేను పైన అడిగిన వాటిలో అధిక భాగం అందులో ఉన్నాయి. అందుకే దాన్ని ఆమోదించమని బహిరంగంగా కోరుతున్నాను. ఒక సందేహం మాత్రం దాచను. గోపురంలా అన్ని దిక్కులకూ పరిచిన డిటెక్టర్లలో ఏ ముఖానికి ఎన్ని కిరణాలు తగిలాయన్న నిష్పత్తితో చోటు చెప్పే పద్ధతికి సూక్ష్మత తక్కువ. కొన్ని డిగ్రీల తేడాతో వచ్చిన చోటును వెతకడం అంటే 1997కు ముందటి కష్టాల్లో కొన్ని మళ్లీ నెత్తికెత్తుకోవడమే. విశాల క్షేత్రపు టెలిస్కోపులు ఇప్పుడు భూమ్మీద ఉన్నాయి కాబట్టి పరిస్థితి అప్పటంత దారుణం కాదు, నిజమే. అయినా ఆ జంటలో ఒక్కదానికైనా చిల్లుల పలకతో ఎక్స్ కిరణ కెమెరాను జోడించగలమా అని అధ్యయనం చేయించండి. ఎండ్రరొయ్య కన్ను తరహా దర్పణాలు మన దగ్గర ఇంకా తయారు కావు అంటారు. పలకలతో పని జరుగుతుంది, ఆస్ట్రోశాట్‌లో వాటిని మనమే వాడాం.

డబ్బు సంగతికి వస్తాను. ఆస్పత్రులు, పాఠశాలలు కావలసిన దేశంలో కోట్ల కాంతి సంవత్సరాల అవతలి పేలుళ్ల మీద ఖర్చేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. దాన్ని అడిగేవారిని చిన్నచూపు చూడకూడదు. నా జవాబు ఇది. గురుత్వ తరంగాలను పసిగట్టే లైగో ఇండియా కోసం 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో అది రాబోతోంది. తారలు ఢీకొన్న సంగతి దానికి వినిపిస్తుంది, కానీ వెలుగు ఎక్కడుందో అది చూపలేదు. ఆ 2,600 కోట్ల నుంచి పూర్తి ఫలితం రాబట్టాలంటే ఆకాశంలో కాపలా ఉండాలి. ఆస్ట్రోశాట్ ఉపగ్రహానికి అయిన ఖర్చు సుమారు 178 కోట్లని అప్పట్లో ప్రకటించారు. జంట ఉపగ్రహాలకు, ఈనాటి ధరల్లో, అంతకు చాలా ఎక్కువే అవుతుంది. అయినా ఇప్పటికే పెట్టబోతున్న పెట్టుబడితో పోల్చి చూడాల్సిన ఖర్చు ఇది. ప్రకృతి మనకిచ్చిన ఒక సౌలభ్యం కూడా ఉంది. శ్రీహరికోట భూమధ్యరేఖకు 14 డిగ్రీల లోపే ఉంది. ఆస్ట్రోశాట్‌ను అందుకే 6 డిగ్రీల వాలు కక్ష్యలో పెట్టగలిగాం. దక్షిణ అట్లాంటిక్ మీద ఆవేశిత కణాలు దట్టంగా ఉండే ప్రాంతాన్ని అలాంటి కక్ష్య చాలావరకు తప్పించుకుంటుంది. అందువల్ల డిటెక్టర్లను ఆపాల్సిన సమయం తగ్గుతుంది, అనవసర సంకేతాల గోల తగ్గుతుంది. ఎత్తైన అక్షాంశాల నుంచి రాకెట్లు వదిలే దేశాలు ఈ కక్ష్య కోసం అదనంగా ఇంధనం కాల్చాలి.

చేతిలో ఇమిడే చిన్న ఉపగ్రహాలతో సరిపెట్టుకోవచ్చు కదా అనే వాదన ఇంకొకటి. దాన్ని తోసిపుచ్చను. 2022 అక్టోబరు 9 నాటి విస్ఫోటం ఎంత తీవ్రమైనదంటే పెద్ద పెద్ద డిటెక్టర్లు తట్టుకోలేక తికమకపడ్డాయి, భూమి అయనావరణం గంటల పాటు కలతపడింది. అప్పుడు మధ్య ఐరోపా దేశాలు కట్టిన పది సెంటీమీటర్ల ఘనం, జీఆర్‌బీఆల్ఫా, ఆ తీవ్రతను చక్కగా కొలిచింది. అయితే అది వెయ్యేళ్లకో పదివేలేళ్లకో వచ్చే ప్రకాశం. దూరపు, మసక విస్ఫోటాలకు పెద్ద వైశాల్యం కావాలి. చిన్న పరికరాలను పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ మీది పోయెమ్ వేదికపై కొన్ని నెలలు పరీక్షకు పెట్టండి. వెంటనే కబురు పంపే రేడియో వ్యవస్థను అక్కడే ముందుగా సరిచూసుకోవచ్చు.

ఆ కబురు వ్యవస్థకు దారులు తెలిసినవే. స్విఫ్ట్ నాసా రిలే ఉపగ్రహాల ద్వారా చెబుతుంది. ఐన్‌స్టీన్ ప్రోబ్ చైనా దిశానిర్దేశ ఉపగ్రహాలైన బేడౌ ద్వారా కూడా చెబుతుంది. 2000లో ఎగిరిన హెటె-2 ఉపగ్రహం కోసం భూమధ్యరేఖ వెంట చిన్న రేడియో కేంద్రాల వరసనే కట్టారు. గగన్‌యాన్ వ్యోమగాములతో మాట తెగకుండా ఉండేందుకు డేటా రిలే ఉపగ్రహాలు పంపాలని మీరు సంకల్పించారు. వాటిలో గామా కబురుకు ఒక సన్నని దారి కేటాయించినా చాలు. విస్ఫోటపు వేళ, దిక్కు, తీవ్రత చెప్పడానికి కొన్ని వందల బైట్లు సరిపోతాయి. మానవ యాత్రల కార్యక్రమానికి ఇది పోటీ కాదు, దాని సరంజామాకు మరో ఉపయోగం.

కాబట్టి మిమ్మల్ని అడిగేవి ఇవి. దక్ష మీద నిర్ణయాన్ని, అనుకూలమైనా కాకపోయినా, కారణాలతో ప్రకటించండి. ఆమోదిస్తే, కబురు భూమికి చేరే గడువును సెకన్లలో నిర్ణయించి ఉపగ్రహపు మౌలిక నిబంధనల్లో రాయించండి. తర్వాత చూద్దాంలే అని వదిలేసే అంశంగా దాన్ని ఉంచకండి. ఆ కబురు మన బృందాలకే పరిమితం కాకుండా అదే క్షణంలో ప్రపంచమంతటికీ తెరిచి ఉండేలా చూడండి. లైగో ఇండియా ఈ దశాబ్దం చివరకో ఆ తర్వాతో వినడం మొదలుపెడుతుంది. ఉపగ్రహం కట్టడానికి పట్టే ఏళ్లను లెక్కేసుకుంటే, ఆ రోజుకు జంట కక్ష్యలో ఉండాలంటే పని ఈ ఏడాదే మొదలవ్వాలి.

భవదీయ,
ఒక సైన్సు వ్యాసకర్త